కాపీ గింజల పాళ్ళు: కొట్టం, వంటిల్లు, గేరి

"కాపీ గింజ మంట మీద రెండు తూర్లు పలుకుతాది. మొదటి తూరి జొన్నలు పేలినట్ల గట్టిగా పలుకుతాది. రెండో తూరి ఎండు పుల్లలు ఇరిగినట్ల సన్నగా పలుకుతాది. ఆ రెండో పలుకు ఇనపడినాదంటే మంగలం దించల్ల. ఇంగ కొంచేపు ఉంటే గింజ కాదు, బొగ్గు."

ఇవి మా జేజి మాటలు. ఆమెకిప్పుడు ఎనభై దాటినాయి. కళ్యాణదుర్గంలో ఒక పెద్దింటి పశువుల కొట్టం వాకిట్లో, 1960ల మొదట్లో కాపురానికొచ్చిన కొత్త నుంచి 1980ల చివరిదాకా, పదైదు దినాలకొకసారి ఆమె కాఫీ గింజలు ఏరింది, వేయించింది, చెరిగింది. దాదాపు పాతికేళ్ళు. ఆ పాతికేళ్ళలో ఆ ఇంటి ఫిల్టరును ఆమె ముట్టుకోలేదు, వంటింటి గడప దాటలేదు. ఆ ఇంటి కాఫీ ఆ ఇంటి లోటాలో తాగలేదు.

కొన్నేళ్ళ కిందట ఒక సెమినారులో టీ విరామం వచ్చినపుడు ఒక పెద్ద ఆచార్యులవారు తమ ఇంట్లో గింజలు వేయించి పాళ్ళు కలిపే పద్ధతి గురించి చెప్పినారు. పీబీ రెండు పాళ్ళు, ప్లాంటేషన్ ఒక పాలు, చికోరీ పేరుకి మాత్రమే. వాళ్ళ నాయనమ్మ నుంచి వచ్చిన పాళ్ళట. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరూ తమ ఇంటి పాళ్ళు చెప్పుకున్నారు. మా గేరి నుంచి విశ్వవిద్యాలయానికి చేరిన మొదటి తరం మేము. ఆ వాసన మాకూ తెలుసు. జేజి చీర కొంగులో, జుట్టులో ఉండే వాసన అది. అయినా ఆ సంభాషణలో మేము నోరు తెరవలేదు. చెప్పుకోవటానికి మాకు ఇంటి పాళ్ళు లేక కాదు. మా పాళ్ళు చెప్తే వాళ్ళు దాన్ని కాఫీ అనరు కాబట్టి.

దక్షిణ భారత మధ్యతరగతి తన గురించి తాను చెప్పుకునే కథల్లో ఈ ఇంటి పాళ్ళ కథ ఒకటి. అందులో గింజ అంగడి నుంచి వస్తుంది, కమ్మదనం వంటింట్లో పుడుతుంది. మధ్యలో కొట్టం కనపడదు. ఎ.ఆర్. వెంకటాచలపతి 2006లో అచ్చువేసిన 'ఇన్ దోజ్ డేస్ దేర్ వాజ్ నో కాఫీ' అనే పుస్తకంలో, వలస పాలన నాటి తమిళదేశంలో కాఫీ బ్రాహ్మణ మధ్యతరగతి గుర్తుగాను, టీ శ్రామికుల పానీయంగాను ఎట్లా విడిపోయినాయో చూపించినాడు. ఆ పనికి మేము రుణపడి ఉన్నాం. అయితే ఆ చర్చ ఎక్కువగా కాఫీ తాగేవాళ్ళ చుట్టూ నడుస్తుంది. కాఫీని చేత్తో ముట్టి, నోటితో ముట్టని మనుషుల వైపు నుంచి చూస్తే ఇంటి పాళ్ళు ఎట్లా కనపడతాయన్నది మా ప్రశ్న. జేజి జ్ఞాపకాన్నీ, ఆ పెద్దింటి లెక్కల పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చదవటమే ఇక్కడ మేము చేస్తున్నది.

పాళ్ళు కలపటం అంటే ఏమిటో ముందు కొంచెం వివరంగా చెప్పాలి. జేజి పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయిందో ఆ వివరాల్లోనే ఉంది.

కాఫీ పండులో మామూలుగా రెండు గింజలుంటాయి. ఒకదానికొకటి ఆనుకొని పెరుగుతాయి కాబట్టి రెండిటికీ ఒక పక్క చదునుగా ఉంటుంది. నూటికి ఏ పది పండ్లలోనో ఒకటే గింజ పెరుగుతుంది. అది బటానీ లెక్క గుండ్రంగా ఉంటుంది. వ్యాపారంలో దాని పేరు పీబెర్రీ, అంగట్లో పీబీ. పండు తోలు ఒలిచి, పులియబెట్టి, కడిగి ఆరబెట్టిన అరబికా గింజకు ప్లాంటేషన్ అని పేరు, సైజును బట్టి ఎ, బి అంటారు. పండును పండుగానే ఎండబెట్టి ఆ తర్వాత పొట్టు తీస్తే అది చెర్రీ. అరబికాకు వాసన, సన్నని పులుపు ఉంటాయి. రోబస్టా చెర్రీ చౌక. చేదెక్కువ, డికాషన్ మాత్రం చిక్కగా దిగుతుంది.

ఈ గింజల్ని పచ్చివిగానే కలిపి వేయిస్తే పని చెడుతుంది. గుండ్రని గింజ మంగలంలో దొర్లుతుంది, అన్ని పక్కలా ఒకే రంగు తిరుగుతుంది. చదును గింజ ఒక పక్కే ఆనుకొని మాడుతుంది, దాన్ని ఎడతెగకుండా తిప్పుతూ ఉండాలి. ఒకటి మాగేతలికి ఇంకోటి పచ్చిగా ఉంటుంది. అందుకని దేనికది వేరుగా వేయించి, చల్లారినాక కలపాలి. మంట మీంచి దించిన గింజను అట్లే వదిలితే తన వేడికి తానే మాడుతుంది. వెంటనే చేటలో పోసి చెరగాలి. చెరిగినప్పుడు సన్నని పొట్టు గాలికి లేచిపోతుంది, గింజ చల్లబడుతుంది. కొత్తగా వేగిన గింజలోంచి బొగ్గుపులుసు వాయువు బయటికి పోతూ ఉంటుంది కాబట్టి ఒక దినం ఆగి పొడి కొడితే రుచి కుదురుకుంటుంది.

ఇందులో ఏరటం, వేయించటం, చెరగటం జేజి చేతి పని. నల్ల గింజ, పురుగు తిన్న గింజ, రాయి ఏరెయ్యాలి. పొగకు కండ్లు మండుతుంటే మంగలం ముందర గంటల తరబడి కూచోవాలి. చల్లారిన గింజను రెండు చేటల్లో విడివిడిగా వెనక తలుపు దగ్గర పెట్టి, నాలుగడుగులు ఎనక్కి జరగాలి. అప్పుడు ఆ ఇంటామె వచ్చి చేటలు తీసుకొని లోపలికి పోతుంది. లోపల ఆమె తన కొలతతో పీబీ ఇంత, ప్లాంటేషన్ ఇంత అని కలుపుతుంది. బల్ల అంచుకు బిగించిన చేతి మిషను తిరుగుతుంది. ఆ మిషను శబ్దం వింటూ జేజి కొట్టం ఊడ్చేది. పాళ్ళు ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనకు ఎన్ని గింజలిచ్చినారో, ఏవి ఎన్నాళ్ళకు అయిపోయినాయో చూసి ఆమె తనంతట తానే లెక్క కట్టుకుంది. ఇప్పుడడిగినా చెప్తాది: "రెండుకి ఒగటి. పండగకైతే మూడుకి ఒగటి." ఆచార్యులవారి నాయనమ్మ పాళ్ళూ రెండుకి ఒకటే.

మరి అక్కడే ఎందుకు ఆగాలి? వేయించిన గింజ జేజి చేతి నుంచి లోపలికి పోవచ్చు, అదే గింజ పొడిగా మారటానికి మాత్రం జేజి చెయ్యి పనికి రాదు. ఈ గీత ఎక్కడిది?

ఊర్లో అందరికీ తెలిసిన నియమమే ఇది. ఎండు ధాన్యానికి మైల లేదు. మాదిగోళ్ళు కోసి, నూర్చి, మోసిన జొన్నలు ఏ గాదెలోకైనా పోతాయి. నీళ్ళు తగిలితేనే మైల మొదలయ్యేది. అన్నం, సంగటి, మజ్జిగ, కడవలోని నీళ్ళు ఇవన్నీ గీతకు అవతల. కాఫీ గింజ ఈ నియమంలోకి చక్కగా ఒదిగింది. ఎండుది, నిప్పులో వేగినది, కాబట్టి కొట్టంలో నుంచి రావచ్చు. కలిపి పొడి చేసి నీళ్ళు పోసే దగ్గరికి వచ్చేతలికి మడి వంటింటిది. ఇంట్లో గింజలు వేయించుకునే అలవాటు నిలబడటానికి మడి ఒక్కటే కారణమని మేము అనం. పొడి చేసిన కాఫీ త్వరగా వాసన పోతుంది, గింజ నిలుస్తుంది, ఇది నిజమే. బజారు పొడిలో చింతగింజలు, శనగలు వేయించి కలిపి అమ్మేవాళ్ళు ఉండిరి, ఆ భయమూ నిజమే. కానీ అంగడి పొడిని ఎవరు కొట్టినారో, ఏ చేత్తో ముట్టినారో తెలియదన్న మాట కూడా ఆ ఇండ్లల్లో వినపడేది. తాజాదనం, కల్తీ భయం, మడి ఈ మూడూ ఒకే చేటలో ఉండినాయి. రుచి చరిత్ర రాసేవాళ్ళు మొదటి రెండూ ఏరుకొని మూడోదాన్ని పొట్టుతో పాటు గాలికి వదిలేస్తున్నారు.

కొట్టం కన్నా ముందు తోట ఉంది. పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు దగ్గరి కొండల్లో నాటినాడనే కథ అందరూ చెప్తారు. తర్వాత కథ చెప్పేవాళ్ళు తక్కువ. 1820ల నుంచి మైసూరు కొండల్లో, 1854 నుంచి కూర్గులో తెల్లవాళ్ళ తోటలు లేచినాయి. కూర్గులో హొలెయలు అప్పటికే భూమి గల కుటుంబాలకు కట్టుబానిసలు. 1843లో కంపెనీ ప్రభుత్వం బానిసత్వానికి చట్టం గుర్తింపు తీసేసింది. తర్వాత ఆ చోటికి అడ్వాన్సు వచ్చింది. మేస్త్రీ ఊర్లమ్మడి తిరిగి, కరువులో ఉన్న కుటుంబాలకు ముందుగా డబ్బిచ్చి, మనుషుల్ని తోటకు తోలుకుపోయేవాడు. 1859 నాటి పని ఒప్పంద ఉల్లంఘన చట్టం మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల పనివాళ్ళ కోసం చేసినది. దాన్ని తోటల దాకా సాగదీసినారు. అడ్వాన్సు తీసుకొని పని వదిలిన కూలీ, మెజిస్ట్రేటు చెప్పినాక కూడా పనికి పోకపోతే మూడు నెలల దాకా జైలు. ఈ చట్టం 1920ల మధ్య దాకా బతికే ఉండింది. తోటల్లో కూలీలకు ఇల్లు, నీళ్ళు, వైద్యం ఇవ్వాలని చెప్పే చట్టం 1951లో గానీ రాలేదు.

కళ్యాణదుర్గం నుంచి మలెనాడు మరీ దూరమేం కాదు. కన్నడ దేశం మా గేరి పక్కనే మొదలవుతుంది. మా మాటల్లో సగం కన్నడం కలిసే ఉంటుంది. వానలు నమ్మలేని నేల ఇది. చెనిక్కాయలు పెరికేది అక్టోబరు, నవంబరు నెలల్లో. కాఫీ పండు కోతకొచ్చేది సరిగ్గా ఆ తర్వాత, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. కాయ చేతికి రాని ఏడు జేజి అన్న ఒకాయన అట్లే మూట కట్టుకొని ఘాట్లు ఎక్కినాడు. ఆయన తెచ్చిన కథలు మా గేరిలో చానాళ్ళు నడిచినాయి. ఎర్రపండు ఒక్కొక్కటే తెంపాలి, పచ్చిది తెంపితే కూలి కోత. జలగలు. పులియబెట్టిన తొట్ల కంపు. ఆ తోటలో కూలీలు తాగేది పాలు లేని బెల్లం కాపీ, అదీ విరిగిన గింజలతో. మంచి గింజ మూటకెక్కి పోయేది. కొండ దిగిన గింజను క్యూరింగు షెడ్లల్లో ఆడోళ్ళు వరసగా కూచొని మళ్ళీ ఏరేవాళ్ళు. ఆ మూటే తిరిగి తిరిగి కళ్యాణదుర్గం శెట్టి అంగడికి వచ్చేది. పెద్దింటికి చేరేది. జేజి ముందరికి. అన్న తెంపిన గింజ చెల్లెలు వేయించి ఉండొచ్చు. ఇది ఊహే, కానీ అసాధ్యమైన ఊహ కాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో యూరపు మార్కెట్టు మూసుకుపోయినాక 1942 చట్టంతో కాఫీ బోర్డు పంట మొత్తాన్ని ఒక చోట చేర్చి అమ్మే పద్ధతి పెట్టింది. బయట అమ్ముడుపోని గింజను దేశంలోనే తాగించాలి కాబట్టి కాఫీ ప్రచారమూ, ఇండియా కాఫీ హౌసులూ పెరిగినాయి. 1990ల మధ్యలో ఆ పద్ధతి ఎత్తేసి మార్కెట్టును వదిలేసినారు. మాకు ఇందులో ముఖ్యమైనది ఒకటే. జేజి వేయించిన కాలమంతా ఆ గింజకు బోర్డు గ్రేడు ఉంది, వేలం ధర ఉంది, లెక్క ఉంది. వేయించిన మనిషికి మాత్రం ఏ పుస్తకంలోనూ చోటు లేదు, ఒక్క పుస్తకంలో తప్ప. అక్కడ కూడా ఆమె దొంగగానే నమోదైంది.

దొంగతనం సంగతి ఇదీ. 1960ల చివర్లో ఒక దినం ఆ ఇంటామె కొత్తగా కొన్న తక్కెడతో రెండు కిలోల పచ్చి గింజ తూచి ఇచ్చింది. అంతకు ముందు పడితో కొలిచి ఇచ్చేవాళ్ళు. సాయంత్రం వేయించిన గింజ తూచితే మూడు వందల గ్రాములు తక్కువ. "మిగతాది యాడికి పోయింది?" అని అడిగినారు. "మంట తినింది తల్లీ" అని జేజి చెప్పింది. ఇంతకు ముందు ఎప్పుడూ తగ్గలేదే అన్నారు. "పడిలో ఎక్కువైతాది, తూకంలో తక్కువైతాది" అని జేజి చెప్పింది. నమ్మలేదు. కూలిలో రెండు రూపాయలు పట్టుకున్నారు. ఆ దినం మొదలు, పని మానుకునే దాకా, ఇంటికి పోయేముందు వెనక తలుపు దగ్గర నిలబడి ఒడి దులిపి చూపించి పోవల్ల. ఇరవై ఏండ్లు. మా నాయన చిన్నప్పుడు జేజి కోసం అక్కడ కాచుకొని నిలబడినోడు, అది చూసినోడు. ఈ ముచ్చట ఇంట్లో ఎప్పుడొచ్చినా ఆయన లేచి బయటికి పోతాడు.

పరిశోధనలో భాగంగా మేము ఆ ఇంటికి పోయినాం. ఇప్పుడు ఉన్నది మనవరాలి తరం. మర్యాదగానే మాట్లాడినారు. పాత సామాన్లలోంచి వాళ్ళ అవ్వ రాసిన లెక్కల పుస్తకం వెతికి తెచ్చి, వసారాలో కూచొని చూసుకోమన్నారు. పాల లెక్క, చాకలి పద్దు, నూనె లెక్క. ఆ మధ్యలో కాఫీ పేజీలు. ప్రతి పేజీ మీదా నిలువు గీతలతో రెండు గడులు. ఒకదాంట్లో ఇచ్చిన తూకం, ఇంకోదాంట్లో తిరిగొచ్చిన తూకం. పక్కన తేడా, కొన్ని చోట్ల తేడా కింద ఎర్ర సిరాతో గీత. వేయించిన మనిషి పేరు లేదు. పేరు లేని ఆ మనిషి మీద అనుమానం మాత్రం ఏండ్ల తరబడి, చక్కని చేతిరాతతో ఉంది.

మేము ఆ తేడాల్ని నోటు పుస్తకంలో ఎక్కించుకొని లెక్క వేసినాం. రెండు కిలోలకు మూడు వందలు, మూడు వందల ఇరవై, ఎప్పుడన్నా మూడు వందల యాభై. అంటే నూటికి పదహైదు నుంచి పద్దెనిమిది. కాఫీ సాంకేతిక పుస్తకాల్లో ఏముందో ఎవరైనా చూసుకోవచ్చు. పచ్చి గింజలో నూటికి పది పన్నెండు పాళ్ళు నీరే. వేయించినప్పుడు ఆ నీరు, పొట్టు, వాయువులు పోయి తూకం నూటికి పదహైదు నుంచి ఇరవై దాకా తగ్గుతుంది. అదే సమయంలో గింజ ఉబ్బి పరిమాణం సగం పైన పెరుగుతుంది. పడిలో ఎక్కువైతాది, తూకంలో తక్కువైతాది. ఎర్ర సిరా గీతలున్న చోట్ల కూడా తేడా ఈ హద్దు దాటలేదు. ఒక దొంగను పట్టుకోవటానికి రాసిన పుస్తకం ఆమె గుప్పెడు గింజ కూడా తియ్యలేదని సాక్ష్యం చెప్తోంది. గింజ మీద గింజ వేయించిన చేతికున్న జ్ఞానం తక్కెడ పట్టుకున్న చేతికి లేదు, తీర్పు చెప్పే హక్కు మాత్రం తక్కెడ వైపే ఉండింది.

లెక్క ముగిసేతలికి కాఫీ వచ్చింది. ఇంట్లో వాళ్ళకు స్టీలు గ్లాసులు, మాకు పేపరు గ్లాసు. వచ్చినోళ్ళందరికీ అట్లే ఇస్తారేమో. అడగలేదు. తాగినాం.

ఇక గేరి పాళ్ళు. మాడిన గింజ, విరిగిన గింజ పెద్దింటికి అక్కరలేదు. వాటిని జేజికి ఇచ్చేవాళ్ళు, పైనుంచి ఒడిలోకి జారవిడిచి. ఆ గుప్పెడు గింజతో గేరిలో ఆమె కలిపిన పాళ్ళు ఇవి: జొన్నలు నల్లగా వేయించినవి మూడు పాళ్ళు, కాఫీ గింజ ఒక పాలు, అంగట్లో పొట్లం కట్టి ఇచ్చే చికోరీ చిటికెడు. రోట్లో దంచి, గుడ్డతో జల్లించి, బెల్లం వేసి కాచి, పాలు ఉంటే పాలు, లేకుంటే అట్లే. జొన్నకు తనదంటూ ఒక మాడు తీపి ఉంటుంది. కాఫీ చేదును అది పట్టుకుంటుంది. చికోరీ రంగునిస్తుంది. జొన్న కూడా కాఫీ గింజ లాగానే పలుకుతుందనీ, దాని పలుకును బట్టే తనకు కాఫీ వేయించటం తెలిసిందనీ జేజి చెప్తుంది. అంటే పెద్దింటి కాఫీ విద్య గేరి జొన్నల మంగలం నుంచి పోయిందే.

చికోరీకి ఉన్న గౌరవం జొన్నకు ఎందుకు లేదు? చికోరీ కూడా కాఫీ కాదు, వేయించిన వేరు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో నెపోలియన్ యుద్ధాల దిగ్బంధంలో కాఫీ దొరక్క ఫ్రెంచివాళ్ళు దాన్ని విస్తారంగా కలుపుకున్నారు. కరువు పుట్టించిన అలవాటే అదీ. మన దేశంలో ఆహార చట్టం దాన్ని ఒప్పుకుంది. కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గకుండా, పొట్లం మీద రాసి, మిగతా 49 దాకా చికోరీ కలిపి అమ్మొచ్చు. దాని పేరు కాఫీ చికోరీ మిశ్రమం. అదే అంగడివాడు జొన్న కలిపితే కల్తీ. అమ్మకంలో మోసం ఉండకూడదన్న మాటతో మాకు పేచీ లేదు, బజారు కల్తీలో ఎక్కువ మోసపోయేది మా గేరులే. మా పేచీ మాటతో. ఒకరు కలిపితే మిశ్రమం, పాళ్ళు, ఇంటి విద్య. ఇంకొకరు కలిపితే కల్తీ. ధర్మశాస్త్రాల్లో ఈ పని మనుషుల మీద జరిగింది, అక్కడ దాని పేరు సంకరం. గింజల్ని కలిపే నేర్పు గురించి తరాలుగా మురిసిపోయిన ఇండ్లు మనుషులు కలవటాన్ని తరాలుగా కాపలా కాసినాయి. కులం నిలబడేది లోపలి పెళ్ళిళ్ళ మీదేనని అంబేద్కర్ 1916లోనే రాసినాడు. కలిసి భోంచేసినంత మాత్రాన కులం పోలేదని 1936లో 'కులనిర్మూలన'లో మళ్ళీ చెప్పినాడు. మాకైతే కలిసి కాఫీ తాగే దగ్గరికే ఇంకా దారి దొరకలేదు.

హోటళ్ళ సంగతి చూడండి. మద్రాసు రాష్ట్రంలో ఎం.సి. రాజా చొరవతో 1938లో పౌర అనర్హతల తొలగింపు చట్టం వచ్చింది, అనంతపురం అప్పుడు ఆ రాష్ట్రంలోదే. 1950 రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు పేరు పెట్టి చెప్పింది, 17లో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 అస్పృశ్యత నేరాల చట్టం ఇంకో అడుగు ముందుకేసి హోటల్లో ఉంచిన పాత్రల వాడకంలో వివక్షను కూడా నేరమంది. గ్లాసు దాకా వచ్చిన చట్టం అది. ఆ చట్టం వచ్చిన రెండేండ్లకు, 1957లో, మద్రాసులో మురళీ కఫే బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట తీసెయ్యమని పెరియార్ ఉద్యమం నడపాల్సి వచ్చింది. 1970ల్లో మా నాయన బడికి పోయే వయసులో మా ప్రాంతపు హోటళ్ళల్లో గేరి గ్లాసు బయట చూరులో చెక్కి ఉండేది. తీసుకోవాలి, పట్టాలి, పైనుంచి పోస్తారు, తాగి కడిగి మళ్ళీ చూరులో చెక్కాలి. దుడ్లు మాత్రం ఒకే గల్లాపెట్టెలో పడేవి. 1990ల చివర రాష్ట్ర ప్రభుత్వం వేసిన జస్టిస్ పున్నయ్య కమిషన్ జిల్లాలు తిరిగినప్పుడు కూడా రెండు గ్లాసుల పద్ధతి దాని ముందుకు వచ్చింది. తర్వాత పేపరు గ్లాసులు వచ్చినాయి. కొన్ని చోట్ల అందరికీ పేపరు గ్లాసే వచ్చి పీడ పోయింది. కొన్ని చోట్ల స్టీలు ఒకరికి, పేపరు ఒకరికి అయ్యింది. చూరు అవసరం లేకుండా పోయింది, అంతే తేడా.

ఇప్పుడు కాఫీ పొట్లాల మీద కొండల పేర్లు వస్తున్నాయి. కూర్గు, చిక్కమగళూరు, బాబా బుడన్ గిరులు, వాయనాడు, మన ఆదివాసులు పండించే అరకు, ఈ అయిదింటికీ 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నేలకు పేరు రావటం మంచిదే. అరకులో పండించేవాళ్ళకు దాని వల్ల నాలుగు దుడ్లు వస్తే ఇంకా మంచిది.

ఫెలోషిప్పు డబ్బు మొదటిసారి చేతికొచ్చినపుడు మేము బెంగళూరు నుంచి చేతి మిషను ఒకటి, వేయించిన పీబీ, ప్లాంటేషన్ విడివిడిగా అర్ధకిలో చొప్పున తెచ్చినాం. మిషను అప్పటినుంచి ఇంట్లోనే ఉంది. పోయిన సంక్రాంతికి మళ్ళీ గింజలు తెచ్చి జేజి ముందర పెట్టినాం. ఆమె పీబీ గింజ ఒకటి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది. "రెండో పలుకు దాటనిచ్చినారు. మిషన్లో ఏయించింటారు, మిషనుకు చెవులుండవు కదా" అన్నది. ఆ మాట మీదనే లెక్కల పుస్తకం సంగతి చెప్పినాం. ఎర్ర సిరా గీతలు, నూటికి పదహైదు, పద్దెనిమిది, పుస్తకాల్లో రాసింది, అన్నీ. నాయన ఈసారి లేచి పోలేదు. గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు.

జేజి అంతా విని, "అయితే ఆ రెండు రూపాయలు ఇచ్చినారా మల్ల?" అని అడిగింది.

లేదన్నాం.

ఆమె చేట దగ్గరికి లాక్కొని రెండు పిడికిళ్ళు పీబీ, ఒక పిడికిలి ప్లాంటేషన్ పోసింది. అమ్మను పిలిచి జొన్నల డబ్బా తెమ్మన్నది.